బిందెల జనాభా

మా ఊళ్ళో జనాభా ఎక్కువైపోయిందన్న సంగతి రాజధాని నుంచి ఉత్తరం వచ్చేదాకా మాకు తెలియదు. అంతవరకూ నీళ్ళు తక్కువయ్యాయనుకుంటూ బతికాం. పది రోజులకొకసారి కొళాయి వస్తుంటే మామూలు మనిషి ఎవడైనా అలాగే అనుకుంటాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళు అలా అనుకోరట. నీళ్ళు ఎప్పుడూ ఉండాల్సినన్నే ఉంటాయనీ, తాగేవాళ్ళే ఉండాల్సినంతమంది ఉండరనీ ఆ ఉత్తరంలో నాలుగు పేజీల నిండా రాశారు.

నేను మా మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి ఉత్తరాలకు నంబర్లు వేసి ఫైళ్ళలో కుడుతున్నాను. ఇందులో అసలు వాక్యం ఇదీ: "ప్రకృతి వనరులపై అధిక జనాభా వలన కలుగుచున్న ఒత్తిడిని నివారించు నిమిత్తము, ప్రతి మున్సిపాలిటీయు తన పరిధిలోని జలాధారిత జనాభాను పదిహేను దినములలోగా లెక్కించి, తదుపరి ఆరు మాసములలో సదరు జనాభాను గణనీయముగా తగ్గించి నివేదిక సమర్పించవలెను." ఎలా తగ్గించాలో రాయలేదు. పైవాళ్ళు ఎప్పుడూ ఆ చిన్న విషయాన్ని కిందివాళ్ళ తెలివికే వదిలేస్తారు.

మా కమిషనర్ అనంతశయనం గారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గురవయ్యా, దీన్ని నువ్వు ప్రాబ్లెమ్‌లా చూడకు. ఇది మనకొక ఆపర్చునిటీ."

"చిత్తం సార్. కానీ మన చెరువులోకి నీళ్ళు తెచ్చే వాగు మీద లేఅవుటు వేశారు కదా. చెరువు గట్టు పక్కన సీసా నీళ్ళ ఫ్యాక్టరీ వాళ్ళు పదకొండు బోర్లు వేశారు. ఆ సంగతి కూడా రాద్దామా?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "అదంతా డెవలప్‌మెంట్ అయ్యా. డెవలప్‌మెంట్ వల్ల నీళ్ళు తగ్గవు. జనం వల్ల తగ్గుతాయి. ఉత్తరంలో క్లియర్‌గా ఉందిగా?"

ఉత్తరంలో క్లియర్‌గానే ఉంది. నేను ఉత్తరానికి నంబరు వేసుకున్నాను.

లెక్క పని బిల్ కలెక్టర్ మస్తాన్ మీద పడింది. మస్తాన్ నిజాయితీపరుడు, చెప్పింది చెప్పినట్టు రాస్తాడు. అన్ని అనర్థాలకూ అతని నిజాయితీయే మూలమని నేను తర్వాత గ్రహించాను. పాపం అతను ముందు ఇంటింటికీ తిరిగాడు. ఎక్కడ చూసినా తాళాలే. ఆడా మగా అందరూ వేరుశనక్కాయలు కొట్టే మిల్లుకో కూలికో వెళ్ళిపోయారు. మూడో రోజున అతనికి ఒక ఆలోచన తట్టింది. నీటి మీద ఆధారపడిన జనాభా కావాలంటే నీళ్ళ దగ్గరే దొరుకుతుంది కదా అని కొళాయి దగ్గరికి పోయాడు.

మా ఊళ్ళో కొళాయి దగ్గర మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. కొళాయి ఏ రోజు ఏ గంటకు వస్తుందో దాన్ని తిప్పేవాడికే తెలియదు కాబట్టి, జనం రెండు రోజుల ముందే బిందెల్ని వరుసలో పెట్టి పనులకు పోతారు. బిందె చాలకపోతే పగిలిన బకెట్టు, అదీ లేకపోతే ఒక రాయి. వరుసలో ఉన్నంతసేపూ బిందెకు మనిషికున్న మర్యాదలన్నీ ఉంటాయి. పక్కవాళ్ళ బిందెను ఎవరూ ముట్టుకోరు. మాటల్లో కూడా తేడా చూపించరు. "నేను తొమ్మిదోదాన్ని" అంటే తన బిందె తొమ్మిదోదని. "నన్నెవరు ఎనక్కి నూకింది?" అని ఎవరైనా కేకలేస్తే, ఆవిడ ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయలేదని మాకందరికీ అర్థమవుతుంది.

ఆ రోజు వరుస బస్టాండు దాకా ఉంది. కాపలాగా సుంకులమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. సుంకులమ్మది ఉగ్గాని బండి. పొద్దున్నే బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి, ఉగ్గాని, బజ్జీలు చేసి బస్టాండు ముందు అమ్ముతుంది. ఊళ్ళో సగం మంది గుమస్తాల కడుపులు ఆమె చేతి మీదే నిండేవి, నాది కూడా. బొరుగులు నానడానికి ఎన్ని నీళ్ళు కావాలో వాటిని నానబెట్టేవాళ్ళకే తెలుసు. పైగా కూతురు నీలావతి తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి ఉంది, ఎనిమిదో నెల.

"ఈడ ఎవురెవురుండారు, సెప్పుమ్మా," అని మస్తాన్ కాగితం తీశాడు.

"ఏంటికి నాయనా రాసుకుంటాండావు? నీళ్ళిస్తారా?"

"తలకింతని లెక్క కడతారంట."

సుంకులమ్మ వెంటనే లేచి నిలబడింది. "అట్లయితే బాగా రాసుకో. ముందరుండేది నేను. నా ఎనక మా ఇంటాయన. ఆ సొట్టబిందె మా అత్త. ఈ నల్లది మా మరిది. ఆ యర్ర బకెట్టు నా కూతురు."

"దాని పక్కన రాయుండాదే?"

"అది పుట్టబొయ్యే బిడ్డ. దాన్ని మర్సిపోవాకు, పున్నెముంటాది."

మస్తాన్ రాసుకున్నాడు. అత్త పోయి ఆరేళ్ళయిందనీ, మరిది పెళ్ళయి వేరుపడ్డాడనీ అతనికి తెలియదు. మిగతా నలభై రెండు కొళాయిల దగ్గర కూడా ఇదే తంతు. తలకింత అన్న మాట అతనికంటే ముందు పరుగెత్తింది. మా ఆఫీసు రికార్డులో ముప్ఫై ఎనిమిది వేలున్న జనాభా గడువు తీరేసరికి లక్షా పన్నెండు వేలైంది.

ఒక్క ఆఫీసర్స్ కాలనీలో మాత్రం మస్తాన్‌కు ఎవరూ దొరకలేదు. అక్కడ ప్రతి ఇంట్లో బోరు, సంపు, మోటారు, మేడ మీద ట్యాంకు. వరుసలో పెట్టడానికి ఒక్క బిందె కూడా లేదు. మస్తాన్ ఆ గడిలో సున్నా వేశాడు. నా ఇల్లు ఆ కాలనీలోనే, మా ఇంటావిడ వాటా కింద వచ్చింది. ఆ సున్నాలో నేను కూడా ఉన్నాను.

కాగితాల్లో మనుషుల పేర్ల పక్కన సొట్టబిందె, ఎర్ర బకెట్టు, రాయి అని రాసి ఉంది. కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళి విన్నవించుకున్నాను.

"సార్, పొరపాటైంది. మనవాడు లెక్కపెట్టింది మనుషుల్ని కాదు, బిందెల్ని."

ఆయన రెండు నిమిషాలు పైకప్పు వైపు చూశారు. ఆ తర్వాత మొహం వెలిగిపోయింది.

"గురవయ్యా, మనుషుల్ని తగ్గించమంటే ఎలా తగ్గిస్తావు?"

"మన వల్ల కాదు సార్."

"బిందెల్ని?"

నాకు అప్పుడు అర్థమైంది. ఆయన కమిషనరూ నేను గుమస్తా ఎందుకయ్యామో కూడా అర్థమైంది.

మర్నాడే సర్క్యులర్ వెళ్ళింది. అందులో బిందె అన్న మాట లేదు. "జల ఒత్తిడి యూనిట్" అని రాశారు. ఊళ్ళో లక్షా పన్నెండు వేల యూనిట్లున్నాయనీ, చెరువు మోయగలిగింది పన్నెండు వేలేననీ, మిగిలిన లక్ష యూనిట్లూ ప్రకృతికి భారమనీ తేల్చారు. ఆఫీసర్స్ కాలనీని "జనాభా సమస్యను సంపూర్ణముగా అధిగమించిన ఆదర్శ ప్రాంతము"గా ప్రకటించి బోర్డు పెట్టారు. పక్క ఊళ్ళ నుంచి అధికారులు బస్సుల్లో వచ్చి మా కాలనీని చూసిపోయారు. పైపులతో పచ్చికకు నీళ్ళు పట్టడం, కార్లు కడగడం, కుక్కలకు స్నానాలు చేయించడం శ్రద్ధగా గమనించి నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఇన్ని నీళ్ళు ఎక్కడివని ఒకాయన అడిగితే, జనాభా లేనిచోట నీళ్ళుంటాయని మా కమిషనర్ గారు వివరించారు.

ఊళ్ళో ఆటోకు మైకు కట్టారు. "ఒక కుటుంబం, ఒక బిందె! రెండో బిందె ఊరికి బరువు!" అని పొద్దస్తమానం అదే పాట. తమంతట తాము బిందెలు తెచ్చిచ్చినవారికి ఒక ప్లాస్టిక్ మగ్గు, ప్రకృతి మిత్ర అన్న ధ్రువపత్రం ఇచ్చారు. పాత్రల కొట్టువాళ్ళు అమ్మిన ప్రతి బిందెకూ మూడు రోజుల్లోగా జనన నివేదిక పంపాలన్నారు. పెళ్ళికూతురి సారెలో బిందె పెట్టడం నిషేధించారు. సొట్టలు తీసే మాటు పనివాడి మీద, ఆయుష్షు తీరిన జనాభాను అక్రమంగా బతికిస్తున్నాడని కేసు రాశారు. అతను ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు.

రెండు నెలలకు పాత టౌన్‌హాలు బిందెలతో పైకప్పు దాకా నిండిపోయింది. తాళంచెవి నా దగ్గరే ఉండేది. తలుపు తెరిచినప్పుడల్లా ఇత్తడివీ, స్టీలువీ, రాగివీ, అడుగున పేర్లు చెక్కించుకున్నవీ, అన్నీ నోళ్ళు తెరుచుకుని నా వైపే చూస్తున్నట్టుండేది. నేను త్వరగా తలుపు వేసేసేవాణ్ణి. సుంకులమ్మ ఇంటివి కూడా అందులోనే ఉన్నాయి. ఒక్క బిందె మిగిల్చి మిగతావన్నీ మస్తానే వెళ్ళి తెచ్చాడు. తెచ్చినందుకు మూడు రోజులు అన్నం తినలేకపోయానని నాతో చెప్పుకున్నాడు.

నీలావతికి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున సుంకులమ్మ ఆఫీసుకు వచ్చింది. నేనే ఆమెను లోపలికి తీసుకెళ్ళాను.

"సార్, మా బిందె ఒగటి ఇడిసిపెట్టండి. ఇంట్లో బాలింత ఉండాది. పిల్లకు నీళ్ళు పోయల్ల, పురిటి గుడ్డలుతకల్ల, బొరుగులు నానబెట్టల్ల. ఒక్క బిందెతో ఎట్లయితాది సార్?"

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా," అన్నారు కమిషనర్ గారు. "పిల్ల పుట్టడం మీద మాకు ఎటువంటి అబ్జెక్షనూ లేదు. మీరు ఎంతమందిని కన్నా మా శాఖకు సంబంధించని విషయం. బిందె పెరిగితేనే జనాభా పెరిగినట్టు."

"బిందె నీళ్ళు తాగదు గద సార్. మోస్తాదంతే."

"అది మీ అభిప్రాయం. మా దగ్గర డేటా ఉంది." ఆయన కాగితాలు తిరగేశారు. "చూడండి, సర్వేలో మీ గర్భస్థ శిశువుకు ఒక రాయి నమోదై ఉంది. దాన్ని మేమింకా స్వాధీనం చేసుకోలేదు. ఆ సదుపాయాన్ని మీరు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు."

సుంకులమ్మ ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను ఫైలు దారం సరిచేసుకున్నాను. టౌన్‌హాలు తాళంచెవి నా జేబులోనే ఉంది. ఒక్క బిందె తీసి ఇస్తే లక్షలో ఎవరికీ తెలిసేది కాదు. నేనివ్వలేదు. పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుంది.

జనం ఊరుకుంటారా? బిందె లేకపోతే కుక్కరు తెచ్చారు. టిఫిన్ క్యారియర్లు, రైసు డబ్బాలు, పిల్లల బడి సీసాలు తెచ్చారు. ఒక మెకానిక్ హెల్మెట్ తిరగేసి పట్టుకొచ్చాడు. ఒకావిడ వానకోటు చేతులకు ముడులేసి నీళ్ళు నింపుకుని చంటిబిడ్డలా ఎత్తుకుపోయింది. వెంటనే మరో సర్క్యులర్ వచ్చింది: "కొన్ని జల ఒత్తిడి యూనిట్లు మారు రూపములలో సంచరించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. సదరు రహస్య జనాభాను గుర్తించి తగ్గించుటకు ప్రత్యేక దళములు ఏర్పాటు చేయడమైనది." దళాలు వంటిళ్ళలోకి వెళ్ళి లోతున్న ప్రతి పాత్రనూ కొలిచాయి. సుంకులమ్మ బొరుగులు నానబెట్టే పెద్ద బేసిన్ రెండున్నర యూనిట్లుగా తేలింది. దాన్ని తీసుకుపోయిన రోజు నుంచి ఉగ్గాని బండి బస్టాండు ముందు కనబడలేదు. నేను ఇంట్లోనే టిఫిన్ తిని రావడం మొదలుపెట్టాను.

ఇదంతా జరిగాక ఒక అద్భుతం జరిగింది. కొళాయి వచ్చినా ఇంటికున్న ఒక్క బిందె తప్ప పట్టుకునే పాత్ర లేక, అంతకు మించి నీళ్ళెవరూ తీసుకుపోలేదు. ఊరి పెద్ద ట్యాంకు నిండి పొర్లింది. రాజధాని నుంచి నిపుణుడొకాయన వచ్చి, ట్యాంకు కింద కారుతున్న నీళ్ళ పక్కన బూట్లు తడవకుండా నిలబడి, "జనాభా తగ్గితే ప్రకృతి తనంతట తాను కోలుకుంటుందనడానికి ఇంతకంటే శాస్త్రీయ నిరూపణ అక్కర్లేదు" అన్నాడు. పొర్లుతున్న నీళ్ళు వృథా కాకూడదని ఫ్యాక్టరీకి ఒక గొట్టం వేశారు. ఇంకా మిగిలినవాటితో మా ఆఫీసు ముందు రంగుల దీపాల ఫౌంటెన్ కట్టారు. పిల్లలు దోసిళ్ళతో దాన్లో నీళ్ళు తాగుతున్నారని తెలిసి చుట్టూ కంచె వేశారు. దోసిలి ఎన్ని యూనిట్లో ఇంకా తేలలేదు, ఫైలు నడుస్తోంది.

ఆరో నెలలో కమిషనర్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది.

"గురవయ్యా, కాలనీ సున్నాలో ఉంది. ఊరు మాత్రం ఇంటికొక బిందెతో వెనకబడి ఉంది. ఈ అసమానత నాకు బాధగా ఉందయ్యా."

అసమానత తీర్చడానికి ఆ మిగిలిన బిందెల్ని కూడా తెప్పించారు. జలాధారిత జనాభా: సున్నా. దేశంలో ఇంకే మున్సిపాలిటీకీ ఆ అంకె లేదని నిపుణుడు ఫోన్లో అభినందించాడు. అవార్డు సభ పెట్టారు. వేదిక మీద అందరి ముందూ ఫ్యాక్టరీ సీసాలు పెట్టారు. సభకు ఊరి జనం ఎవరూ రాలేదు. నాలుగు మైళ్ళ అవతల రైతుల మోటార్ల దగ్గరికి నీళ్ళు తాగడానికీ, బట్టలు తడిపి తెచ్చుకుని ఇళ్ళలో పిండుకోవడానికీ పోయారు. వెయ్యి కుర్చీలు ఖాళీగా ఉండేసరికి నేను భయపడ్డాను. కమిషనర్ గారు మాత్రం ఆ ఖాళీ కుర్చీలను నాలుగు వైపుల నుంచి ఫోటో తీయించి నివేదికకు జతచేయమన్నారు.

ఆ తర్వాతి సోమవారం సుంకులమ్మ వచ్చింది. నాలుగు నెలలు నిండిన మనవరాలు చంకలో ఉంది. పిల్ల పెదాల మీద పొరలు లేచి ఉన్నాయి. నీలావతీ, సుంకులమ్మ భర్తా బయట మూటల దగ్గర కూర్చున్నారు.

"ఒగ కాయితం గావల్ల సార్. బెంగళూరు పక్క కట్టడాల పనికి పోతాండాం. ఆడుండే మేస్త్రీ, మీది యా ఊరో మీ ఆఫీసరుతో రాయించుకోని రమ్మన్యాడు. కాయితం ల్యాకుంటే షెడ్డు లోపలికి రానియ్యరంట. షెడ్డు కాడ కొళాయి ఉండాదంట సార్. దినమ్మూ వస్తాదంట."

నివాస ధ్రువపత్రం చిన్న పని. ఉగ్గాని తిన్న రుణం ఇలాగైనా తీరుతుందని సంతోషంగా రిజిస్టరు తీశాను. పేజీలు తిప్పి ఆమె పేరు పట్టుకున్నాను. సుంకులమ్మ కుటుంబం, ఆరు యూనిట్లు. అయిదింటి మీద ఒకే ఎర్రగీత. ఆరోది రాయి. దాన్ని కూడా పోయిన నెల ఎవరో గీత కొట్టారు. ఎదురుగా నా చేతిరాతతోనే ఉంది: "తగ్గించబడినవి. నివాసము లేదు."

నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. గీత కొట్టిన పేరుకు ధ్రువపత్రం రాస్తే ఊరి అంకె సున్నా కాకుండా పోతుంది. అవార్డు పటం ఇంకా గోడకు కొత్తగా మెరుస్తోంది.

"ఏం సార్, ల్యాదా మా పేరు?"

"ఉందమ్మా. కానీ..." నాకు సిగ్గేసింది. నా జీవితంలో ఏ వాక్యానికీ అంత సిగ్గుపడలేదు. "రికార్డు ప్రకారం మీరు ఊళ్ళో లేరు. మీరు పోయి నెలైంది."

సుంకులమ్మ చాలాసేపు ఆ ఎర్రగీతను చూసింది. చదువు రాకపోయినా గీత ఆమెకు అర్థమైంది. చంకలో పిల్ల నా బల్ల మీది నీళ్ళ సీసా కోసం చెయ్యి చాచి గునిసింది. ఆ చేతిని ఆమె మెల్లగా వెనక్కి తీసుకుంది.

"మేం పోయి నెలైంటే," అంది, "ఇన్ని దినాలూ దప్పికైంది ఎవురికి సార్?"

నేను సీసా ఆమె వైపు జరిపాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, కాగితం లేకుండానే మెట్లు దిగిపోయింది. కిటికీలోంచి చూస్తే మూటలెత్తుకుని నలుగురూ బస్టాండు వైపు నడుస్తున్నారు.

లోపల గంట మోగింది. వెళ్ళాను. కమిషనర్ గారు రాజధానికి పంపే రోజువారీ నివేదిక ముందు పెట్టుకుని కలం పట్టుకున్నారు.

"గురవయ్యా, ఇవాళ జనాభాలో మార్పేమైనా ఉందా?"

"ఏమీ లేదు సార్," అన్నాను.